లెక్క సరిపోయింది

నాలుగింటికి టీచరమ్మ చేతిగంట కొట్టింది. గంట మోగితే మిషన్లు ఆగాలి. ఆగాయి. అంతవరకూ వినపడని గోడగడియారం టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టింది.

మిషనక్క తన ముందున్న దూదిమెత్త మీది గుండుసూదుల్ని వేలితో తడుముతూ లెక్కపెట్టుకుంది. తొమ్మిది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టింది. తొమ్మిదే. బల్ల మీద గుడ్డముక్కలు ఎత్తి చూసింది, ఒళ్లో దులుపుకుంది, వంగి చెప్పుల కింద చూసింది. దారప్పోగులు తప్ప ఏమీ లేవు.

ముప్పై ఏళ్లు ఇంట్లో మిషను పెట్టుకుని వీధి వీధంతటికీ బట్టలు కుట్టిన మనిషి కాబట్టి ఆమె మిషనక్క. ఇప్పుడు కూలికి కుట్టడం మానేసి, మంగళవారాలూ శుక్రవారాలూ ఈ హాలుకొచ్చి ఆసుపత్రుల కోసం ఊరికే కుడుతోంది. ఊరికే అంటే డబ్బు లేకుండా అని. శ్రద్ధ లేకుండా అని కాదు. ఆ తేడా తెలియనివాళ్లని టీచరమ్మ గడప తొక్కనివ్వదు.

ఈ హాల్లో ఒక పద్ధతుంది. మనిషికి పది గుండుసూదులు, మనిషికో రంగు తల. టీచరమ్మవి తెలుపు, స్వెట్టర్లు అల్లే ఆవిడవి నీలం, బ్యాంకులో పనిచేసి మానేసిన ఆవిడవి ఆకుపచ్చ, మిషనక్కవి పసుపు. ఎవరి తప్పు వాళ్ల రంగులో దొరకాలని టీచరమ్మ చేసిన ఏర్పాటు. సాయంత్రం ఆవిడ పొడుగు పుస్తకం తెరిచి ఒక్కో రంగూ పిలుస్తుంది. ఒక్కొక్కరూ అంకె చెప్పాలి. అన్నీ పదులైతేనే కుట్టిన వస్తువు గుమ్మం దాటుతుంది. పద్ధతి మంచిదే, ఆ మాట ఎవరూ కాదనరు. ఇక్కడ కుట్టేవి మామూలు బట్టలు కావు. జుట్టు ఊడిపోయిన పిల్లలకు మెత్తటి టోపీలు, రొమ్ము ఆపరేషనైన ఆడవాళ్లు చంక కింద పెట్టుకునే గుండె ఆకారం దిండ్లు. అలాంటివాటిలో ఒక్క సూది మిగిలిపోయినా ఏమవుతుందో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

మిషనక్క పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అది బొత్తాలావిడది. ఆరు వారాల కిందట టీచరమ్మ "ఎరుపు" అని పిలిస్తే, "తొమ్మిదండీ. ఒకటి కనపడటం లేదు" అని నదురూ బెదురూ లేకుండా చెప్పింది ఆవిడ. ఆ రోజు కుట్టిన అరవై దిండ్లూ విప్పారు. సూది దొరకలేదు. పైవారం టీచరమ్మ ఆవిడ ముందు గుడ్డల దొంతర తెచ్చి పెట్టి, "మీరిక మడతలు పెట్టండి. సూది మీ చేతికొద్దు" అంది. బొత్తాలావిడ రెండు మంగళవారాలు మడతలు పెట్టింది, మూడో మంగళవారం రాలేదు. ఆరోగ్యం బాగాలేదట అనుకున్నారు అందరూ. ఆవిడ ఆరోగ్యం గుండ్రాయిలా ఉందని అందరికీ తెలుసు. మిషనక్క కూడా నోరు కుట్టేసుకునే కూర్చుంది. ఆనాటినుంచి పుస్తకంలో పది తప్ప వేరే అంకె పడలేదు.

"నీలం."

"పది."

మిషనక్క కళ్లజోడు పెట్టె తెరిచింది. జోడు ఆమె ముక్కు మీదే ఉంది. పెట్టెలో ఉన్నది రంగుతలల గుండుసూదుల ప్యాకెట్టు. బొత్తాలావిడకి మడతలపని పడ్డ మర్నాడే, ఎందుకైనా మంచిదని కొనిపెట్టుకుంది. "తొందరగా వచ్చారు. ఈమధ్య ఇవి తెగ పోతున్నాయండీ" అన్నాడు కొట్టతను అప్పట్లో.

"ఆకుపచ్చ."

"పది అండి."

పసుపుతల సూది ఒకటి లాగి దూదిమెత్తలో గుచ్చింది. ముప్పై ఏళ్ల అలవాటున్న చెయ్యి, అర క్షణం పట్టలేదు.

"పసుపు."

"పది" అంది మిషనక్క. గొంతు ఎప్పట్లాగే వచ్చింది. అదే ఆమెకు ఆశ్చర్యమనిపించింది.

టీచరమ్మ తెలుపు కూడా పది అని రాసుకుని, గీత గీసి, "లెక్క సరిపోయింది" అంది. ఆసుపత్రి ఆయా రెండు సంచుల్లో నలభై ఎనిమిది దిండ్లూ కుక్కుకుని గుమ్మం దాటింది. ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అని లోపల మనసు పోరు పెడుతూనే ఉంది. వ్యాను తలుపు మూసుకుంది, మలుపు తిరిగింది, కనపడకుండా పోయింది. మిషనక్క తన కుర్చీ బల్లకిందకి తోసి, మిగిలిన గుడ్డముక్కలు సర్దింది.

ఇంటికి రాగానే గది తలుపు వేసుకుని స్వెట్టరు విప్పి తిరగేసింది. జేబులు బయటికి లాగింది. అంచుల మడతలన్నీ గోటితో నొక్కుకుంటూ పోయింది. సంచి బోర్లించింది. ముందుగదిలో పాత స్పీకరు విప్పుకుని కూర్చున్న భర్తకు ఈ అలికిడి వినపడింది. ఆయన మైకుసెట్లూ స్పీకర్లూ బాగుచేస్తాడు. ఎంత చిన్న గరగర అయినా పట్టేస్తాడు.

"ఏమిటే ఆ వెతుకులాట? మొగుణ్ని ఇక్కడే కూర్చున్నానుగా."

"మిమ్మల్ని పారేసుకున్నా వెతకను లెండి" అంది. అనడమైతే అంది కానీ, మాటలో ఉప్పు లేదు. ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టి తలుపు వైపు చూశాడు.

మెట్ల దగ్గర ఒక పెట్టె సర్ది ఉంది. మేడ మీద వాటాలో మరిదీ, తోడికోడలూ ఉంటారు. తోడికోడలికి కుడివైపు రొమ్ములో గడ్డ, రేపు పొద్దున ఆపరేషను. ఈ సాయంత్రమే ఆసుపత్రిలో చేరాలి. ఆమె మెట్లు దిగుతూనే అక్కగారి మొహం చూసి నవ్వింది.

"ఏంటక్కా, నిన్ను కోస్తున్నారా నన్నా?"

"పొద్దున్నుంచి కుట్టి కుట్టి నడుం పడిపోయిందే."

"నాకోసమేగా కుట్టావు. మీ దిండ్లే ఇస్తారట నాక్కూడా. నర్సుకి ముందే చెప్పిపెట్టాను, మా అక్క కుట్టింది ఏరి ఇవ్వమని. మిగతావాళ్ల కుట్టు నేను నమ్మను."

మరిది పెట్టె ఎత్తుకుంటూ, "వదినా, రేపు మీరు రావద్దు, ఎల్లుండి రండి. రేపు ఎలాగూ మనల్ని లోపలికి రానివ్వరు" అన్నాడు. మిషనక్క తలూపింది. తోడికోడలి చెయ్యి పట్టుకుంటే తనదే చల్లగా ఉంది. ధైర్యం చెప్పాల్సిన మనిషి నీళ్లు నములుతూ నిలబడితే, కత్తి కిందకి పోతున్న మనిషి ఆమె భుజం తట్టి వెళ్లింది.

బుధవారం పది గంటలకు హాలు కాపలామనిషి దగ్గరికెళ్లి, కత్తెర మరిచిపోయానని అబద్ధం చెప్పి తాళం తీయించుకుంది. ఒక అబద్ధం ఆడాక రెండోది ఎంత తేలికో ఆమెకు కొత్తగా తెలుస్తోంది. చీపురు తీసుకుని గోడవారనుంచి మొదలుపెట్టి హాలంతా ఊడ్చింది. ఊడ్చిందంతా కాగితం మీద పోసి మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో విడదీసింది. రెండు బొత్తాలు, విరిగిన మిషను సూది ముక్క, ఎవరిదో చెవిదిద్దు మర దొరికాయి. గుండుసూది లేదు.

ఎడమ కన్ను మూసి చూసింది, కుడి కన్ను మూసి చూసింది. ఎడమ కంటికి అన్నీ పాలలో ముంచినట్టు కనపడతాయి. ఏడాదిగా అంతే. ఈ సంగతి హాల్లో ఎవరికీ తెలియదు. మిషను మీద కుట్టు చేతి అలవాటుతో తిన్నగానే పోతుంది. చిక్కల్లా చివరి పనితోనే. దిండులో దూది నింపాక మిగిలిన సందుని గుండుసూదులతో పట్టి ఉంచి, చేత్తో కుట్టి, సూదులు ఒక్కొక్కటే తీసేయాలి. తీశాననుకుని తీయకపోతే సూది కుట్టు వెనక్కి జారి దూదిలోకి పోతుంది. మంగళవారం తను మూసిన దిండ్లు పదమూడు. అందులో ఎక్కడ జరిగిందో, అసలు జరిగిందో లేదో, ఎంత తవ్వుకున్నా గుర్తురాలేదు.

మధ్యాహ్నం మరిది ఫోను చేశాడు. ఆపరేషను బాగా జరిగింది, చంకలో గ్రంథులు కూడా తీశారు, మాట్లాడుతోంది అన్నాడు. "దిండు ఇచ్చారా?" అని అడిగింది మిషనక్క. మనిషెలా ఉందని అడగకుండా దిండు సంగతి అడిగినందుకు సిగ్గుతో ఆమెకు తల కొట్టేసినట్టయింది.

గురువారం పలకరింపుల వేళకు అరగంట ముందే వెళ్లి వార్డు బయట బల్ల మీద కూర్చుంది. తలుపులు తెరవగానే అందరికన్నా ముందు లోపలికెళ్లింది. పన్నెండు మంచాలు. మూడో మంచం మీద తోడికోడలు, ఒక్క రోజులో మొహం పీక్కుపోయి ఉంది. కుడి చంక కింద నీలం గళ్ల దిండు. ఆ గుడ్డ తను కత్తిరించిందే. మంచం తల దగ్గర అట్ట మీద పెద్దక్షరాలతో రాసి ఉంది: కుడి చేతికి సూది గుచ్చరాదు.

మిషనక్క ఆ అట్ట మీదనుంచి చూపు తిప్పుకోలేకపోయింది.

"అదా? ఇంజెక్షన్లూ అవీ ఇక ఈ చేతికి పనికిరావటక్కా. జన్మంతా. చిన్న గాయమైనా వాచిపోతుందట" అంది తోడికోడలు నీరసంగా. "నాకేమో ఇక్కడంతా మొద్దుబారిపోయింది. గిచ్చినా తెలీదు. చూడు, గిచ్చు."

"ఊరుకోవే."

"నిజం. నువ్వు గిచ్చుతున్నావో మీ మరిది గిచ్చుతున్నాడో కూడా తెలీదు" అని నవ్వబోయి, నొప్పికి ఆగిపోయింది.

మిషనక్క మెల్లిగా దిండు మీద చెయ్యి వేసింది. నొక్కింది. అటూ ఇటూ నొక్కింది. అంచు కుట్టు కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. కొద్దిగా ఎడమకు వాలిన కుట్టు, తనదే. నర్సు నిజంగానే ఏరి ఇచ్చింది.

"కుట్టు వదులుగా ఉందే. ఐదు నిమిషాల్లో సరిచేసి తెస్తాను" అని దిండు లాక్కున్నంత పని చేసింది. నడవ చివర కిటికీ దగ్గర బల్ల మీద కూర్చుని, సంచిలోంచి కుట్లు విప్పే చిన్న కత్తి తీసి సందు తెరిచింది. దూది గుప్పెడు గుప్పెడు తీసి ఒళ్లో పరిచింది. ఒక్కో గుప్పెడూ విడదీసి, వేళ్లతో నలిపి, కుడికన్ను ఒక్కటే తెరిచి వెలుతురుకేసి చూసింది. దిండు లోపలికి వేళ్లు పోనిచ్చి కిందికొస దాకా తడిమింది. ఏమీ తగల్లేదు. ఇది కాదు. ఇది కానే కాదు. మళ్లీ దూది కూరి కుట్టేసింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి నిండా పీల్చుకుంది.

వార్డులోకి తిరిగొచ్చి దిండు తోడికోడలి చంక కింద పెట్టాక మిగతా మంచాలకేసి చూసింది. రెండో మంచం మీద పచ్చ చారల దిండు. ఐదో మంచం మీద పూల గుడ్డది. కిటికీ దగ్గర మంచం మీద ఒక పెద్దావిడ నిద్రపోతోంది, దిండుని పసిపిల్లని పట్టుకున్నట్టు పొదివి పట్టుకుని. ఆవిడ మంచానికీ ఆ అట్ట వేలాడుతోంది.

తోడికోడలు అక్కగారినే చూస్తోంది. "కూర్చో. చెప్పు."

"ఏం చెప్పనే?"

"మంగళవారం నుంచి చూస్తున్నాను. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టున్నావు. నాకు కోత పెట్టిన డాక్టరు కూడా అంత భయపడలేదు."

మిషనక్క స్టూలు దగ్గరికి జరుపుకుని, తొమ్మిది దగ్గర మొదలుపెట్టి కళ్లజోడు పెట్టె దాకా మొత్తం చెప్పేసింది. గొంతు తగ్గించి, తల వంచుకుని, ఎక్కడా ఆగకుండా. చివర, "నీది విప్పి చూశాను. ఇందులో లేదు, నువ్వు భయపడకు" అంది.

తోడికోడలు కొంతసేపు పైకప్పుకేసి చూస్తూ పడుకుంది. కోపమొచ్చిందేమో అనుకుంది మిషనక్క. వచ్చినా బాగుండునని కూడా అనుకుంది.

"నాది విప్పి చూశావు" అంది చివరికి. "మరి కిటికీ దగ్గర ఆవిడది?"

మిషనక్క కిటికీకేసి చూసింది.

"ఆవిడకి నీలాంటి అక్క లేదుగా."

"చెబితే నన్ను ఇంక హాల్లోకి రానివ్వరే. మడతలు కూడా పెట్టనివ్వరు. ఆ రెండు రోజులేగా నాకున్నవి" అంది మిషనక్క. అన్నాక, ఆ మాట తన చెవికే ఎంత చిన్నగా వినపడిందో గమనించింది. లేచి నిలబడింది.

తోడికోడలు ఎడమ చేత్తో గళ్ల దిండు బయటికి లాగి ఇచ్చింది. "ఇదీ పట్టుకుపో."

"చూశానన్నానుగా."

"నిన్న కాక మొన్న నాకు టీ కప్పులో కాకుండా సాసర్లో పోశావు. నువ్వు చూశానంటే నేను నమ్మాలా?"

వార్డు నర్సు మందుల పళ్లెం సర్దుతోంది. మిషనక్క చెప్పింది వింటూ వింటూ చేతులు ఆపేసింది.

"ఏ దిండులో?"

"తెలీదమ్మా."

"అసలు ఉందా?"

"అదీ తెలీదు. లేదని మాత్రం చెప్పలేను."

నర్సు పళ్లెం వదిలేసి మంచాల మధ్యకి నడిచింది. పంచినవి పదకొండు, బీరువాలో ముప్పై ఏడు. పదకొండూ ఒక్కొక్కటే పోగుచేసింది. కిటికీ దగ్గర పెద్దావిడ నిద్రలేచి దిండుని గట్టిగా పట్టుకుంది. "ఇది తీసేస్తే చెయ్యి ఎక్కడ పెట్టుకోనమ్మా?" అంది. మిషనక్క వెళ్లి తువ్వాలు తీసుకుని మూడు మడతలు వేసి, చివర్లు లోపలికి తోసి చుట్ట చుట్టి, ఆవిడ చంక కింద సరిగ్గా అమర్చింది. "రెండు రోజులు ఓర్చుకోండమ్మా. మంచిది కుట్టి తెస్తాను" అంది. "ఇది మంచిది కాదా?" అని అడిగింది పెద్దావిడ. మిషనక్క తువ్వాలు అంచు ఇంకోసారి సర్దింది.

మరిది బండి మీద రెండు సంచులూ ఇంటికి చేర్చాడు. భర్తకు చెప్పడం అన్నిటికన్నా తేలికైంది, ఆయన సగం అప్పటికే ఊహించుకున్నాడు. "వేళ్లతో వెతికితే దొరికేది కాదే అది" అని, మూలన పడున్న చచ్చిన స్పీకరొకటి తెచ్చి, వెనకనున్న చిప్పలాంటి అయస్కాంతాన్ని ఊడదీశాడు. నేల మీద నాలుగు మేకులు పోసి దాన్ని పైనుంచి పోనిస్తే నాలుగూ ఎగిరి అతుక్కున్నాయి. "ఇన్నాళ్లూ పాటలు పాడింది పాపం. ఇప్పుడు నీ సూదులేరుతుంది, పట్టుకుపో."

శుక్రవారం మిషనక్క హాల్లోకి రెండు సంచులతో అడుగుపెట్టేసరికి మిగతా ముగ్గురూ వచ్చేసి ఉన్నారు. ఆమె కూర్చోలేదు. బల్ల ముందు నిలబడి, "మంగళవారం నా సూది ఒకటి పోయింది టీచరమ్మగారూ. చెప్పలేదు. దిండ్లు వెనక్కి తెచ్చాను" అంది. దారిపొడుగునా చాలా మాటలు కూడబలుక్కుంది కానీ, ఇంతే బయటికొచ్చింది.

టీచరమ్మ పుస్తకం తెరిచి వేలు పెట్టి చూసింది. "పసుపు పది ఉంది."

"పుస్తకంలో ఉందండి."

"మరి?"

మిషనక్క కళ్లజోడు పెట్టె తెరిచి బల్ల మీద పెట్టింది. ప్యాకెట్టులో రంగు రంగుల తలలు. స్వెట్టర్లావిడ వాటిని చూసి చూపు కిటికీకేసి తిప్పుకుంది. బ్యాంకావిడ కాళ్ల దగ్గరున్న తన సంచిని కుర్చీ కిందకి జరిపింది. టీచరమ్మ మాత్రం ఆ ప్యాకెట్టునే చాలాసేపు చూసింది. ఇంక నా పని అయిపోయింది, ఒంటికాలి మీద లేస్తుంది అనుకుంది మిషనక్క.

"విప్పండి" అంది టీచరమ్మ. అంతే అంది.

రెండు బల్లలు కలిపి తెల్ల దుప్పటి పరిచారు. ముగ్గురు కుట్లు విప్పి దూది తీస్తుంటే, మిషనక్క గుప్పెడు గుప్పెడు మీదా అయస్కాంతం పోనిచ్చింది. ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడుకుంటూ కుట్టిన దిండ్లు అవి. ఒక్కొక్కటీ బోలుగా, చప్పిడిగా ఒక పక్కన పేరుకుంటున్నాయి.

తొమ్మిదో దిండు దగ్గర టిక్కుమంది.

దొరికింది, అయిపోయింది అనుకుంటూ మిషనక్క అయస్కాంతం తిరగేసింది. సూది తల నీలంగా ఉంది.

కుడికన్ను దగ్గరగా పెట్టుకుని చూసింది. నీలమే. ఏమనాలో తెలియక తల ఎత్తితే, స్వెట్టర్లావిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. "పది అన్నానుగా ఆవేళ" అంది ఎవరూ అడక్కుండానే. "నేనూ… అంతే చేశాను."

టీ తాగే సాసరు తెచ్చి సూది అందులో పెట్టారు. మళ్లీ విప్పడం మొదలుపెట్టారు. పదిహేడో దిండులో ఆకుపచ్చ దొరికింది. బ్యాంకావిడ, "నాదే" అని కళ్లు తుడుచుకుని, కత్తెర మళ్లీ అందుకుంది.

ముప్పయ్యో దిండులోంచి వచ్చిన సూదిని మిషనక్క వెంటనే అయస్కాంతం మీదనుంచి తీయలేదు. తెల్లటి దూది మీద తెల్లటి తల. దుప్పటి మీద పడినా ఎవరికీ కనపడేది కాదు. తీసి, చప్పుడు కాకుండా సాసర్లో మిగతావాటి పక్కన పెట్టింది. స్వెట్టర్లావిడ, బ్యాంకావిడ ఇద్దరూ తలలు ఇంకా కిందకి వంచారు. టీచరమ్మ ముప్పై ఒకటో దిండు అందుకుని కుట్టు విప్పింది. కత్తి రెండుసార్లు గుడ్డ మీదనుంచి జారింది.

నలభై ఏడు అయిపోయాయి. పసుపు లేదు. మిగిలింది నీలం గళ్ల దిండు, తోడికోడలిది. ఇది చూసేశాను అని చెప్పబోయి మానేసింది. తనే విప్పింది. గుండె ఆకారం కిందికొసలో, కుట్టు మడత మీద, అయస్కాంతం టిక్కుమని అతుక్కుంది. పసుపుతల సూది బట్టలోనే సగం దూరి ఉంది. నిన్న ఆ కొసని తన బొటనవేలితో నొక్కి చూసింది. లేదనుకుంది. లేదని చెప్పింది. మొద్దుబారిన చంక కింద అలాగే వదిలేసి వచ్చేదే, ఆ పిల్ల ఇదీ పట్టుకుపొమ్మని అనకపోతే. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నా ఎడమ కన్ను సరిగ్గా కనపడదు" అంది పైకే. "ఏడాదైంది. అదీ చెప్పలేదు."

టీచరమ్మ లేచి వెళ్లి పొడుగు పుస్తకమూ, పెన్నూ తెచ్చుకుని కూర్చుంది. గంట ముట్టుకోలేదు.

"లెక్క రాద్దాం" అంది. "కొని కలిపినవన్నీ తీసేసి చెప్పండి."

బ్యాంకావిడ సంచిలోంచి ఒక ప్యాకెట్టు బయటికొచ్చింది. స్వెట్టర్లావిడ ఊలు ఉండల కిందనుంచి ఒకటి వచ్చింది. టీచరమ్మ తన చేతిసంచి జిప్పు లాగి, లోపలి అరలోంచి ఇంకొకటి తీసి బల్ల మీద పెట్టింది. నాలుగూ ఒకే కొట్టువి, ఒకే అట్ట. ఇంకో రోజైతే నలుగురూ పడి పడి నవ్వేవాళ్లు.

"నీలం."

"తొమ్మిదండీ."

"ఆకుపచ్చ."

"తొమ్మిది."

"పసుపు."

"తొమ్మిది" అంది మిషనక్క. మంగళవారం చెప్పాల్సిన మాట అది.

టీచరమ్మ మూడు అంకెలూ రాసింది. నాలుగోదాని దగ్గర పెన్ను ఆగింది. తన దూదిమెత్త దగ్గరికి లాక్కుని, కొన్న సూదులు ఏరి పక్కన పెట్టి, మిగిలినవి పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంది. రెండోసారి లెక్కపెట్టింది.

"తెలుపు, ఎనిమిది."

సాసర్లో తెల్లది ఒక్కటే ఉంది. ఆ మాత్రం తీసివేత అందరికీ వచ్చు. స్వెట్టర్లావిడ చేతిలో ఊలు ఉండ జారి నేల మీద దొర్లుకుంటూ పోయింది.

"ఇంకోటెప్పుడండీ?" అని మిషనక్కే అడిగింది.

"మూడు వారాలైంది. పిల్లల టోపీల రోజు." టీచరమ్మ గొంతు తరగతిలో పాఠం చెప్పినట్టే ఉంది. "ఎక్కడో కింద పడి ఉంటుందిలే అనుకున్నాను. రోజూ అనుకుంటున్నాను."

టోపీలు ఏ తారీఖున వెళ్లాయో చూడటానికి పేజీలు వెనక్కి తిప్పింది. పదులు, పదులు, పదులు. చెయ్యి ఇంకాస్త వెనక్కి పోయి ఒక పేజీ దగ్గర నిలిచింది. ఎరుపు, తొమ్మిది. దాని మీద రెండు అడ్డగీతలు, స్కేలు పెట్టి గీసినవి. ఆరు వారాల పుస్తకంలో నిఖార్సయిన అంకె అదొక్కటే, దాన్నే కొట్టేసి ఉంది. టీచరమ్మ ఆ గీతల మీద బొటనవేలు పెట్టి అలాగే ఉండిపోయింది.

తరవాత బల్ల చివరనున్న ఫోను దగ్గరికి లాక్కుని పిల్లల ఆసుపత్రి నంబరు తిప్పింది.

"మిషనక్కా, ఆ అయస్కాంతం తీసి సంచిలో పెట్టండి. మనం వెళ్లాలి" అంది రిసీవరు చెవికి పెట్టుకుని. అవతల మోగుతూ ఉంది. "బొత్తాలావిడ ఇల్లు మీకు తెలుసా?"

"తెలుసండి."

"ముందు అక్కడికి, ఆ తర్వాత…" అని ఆగిపోయింది. అవతల ఎవరో ఎత్తారు. టీచరమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని, తానెవరో చెప్పి, మూడు వారాల కింద పంపిన టోపీల్లో ఒక గుండుసూది ఉండి ఉండొచ్చు, ఎవరి తల మీద ఉన్నా వెంటనే తీయించండి అంది. అవతలివాళ్లు ఏదో గట్టిగా అడిగారు. హాల్లో ముగ్గురికీ మాట వినపడలేదు కానీ, అడగడం వినపడింది.

"కాదండి, వాళ్లెవరిదీ కాదు" అంది టీచరమ్మ. "నాదే."